కింది బెర్తా, పై బెర్తా?

బెజవాడలో ఢిల్లీ బండి ఎక్కి తొలిసారి దూరం వెళ్తున్నారా? స్లీపర్‌లో 1, 4 కింది బెర్తులు. 3, 6 పైవి. అక్కడి నుంచి ఎనిమిదేసి కలుపుకుంటూ పోవడమే.

కిందైతే కిటికీ మీదే, పెట్టె కాళ్ల దగ్గరే. సీటు కింద ఇనుప రింగు వెతికి, గొలుసు దూర్చి తాళం వేయండి. చిక్కల్లా పగలే: పడుకునే వేళ రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకే. మిగతా సమయం మధ్య బెర్తు దించేసి అందరూ మీ సీటు మీదే కూర్చుంటారు, నడుం వాల్చడం కుదరదు.

పైదైతే పట్టపగలైనా నిద్రపోవచ్చు. కాకపోతే నిటారుగా కూర్చోలేరు, మే నెలలో పైకప్పు సెగ కొడుతుంది. ఫోను, పర్సు, గుర్తింపు కార్డు చిన్న సంచిలో తలకింద ఉంచుకోండి. మోకాళ్లు సహకరిస్తే మా ఓటు దీనికే. అమ్మమ్మను పంపుతుంటే మాత్రం బుక్ చేసేటప్పుడే కింది బెర్తు అడగండి.