ఊటీకి సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకుంటున్నారా? బ్రేకులు చూడకుండా తాళాలు పట్టుకోకండి

బెంగళూరు నుంచి శని, ఆదివారాల్లో ఊటీ వెళ్లొద్దామని అద్దె కారు వెతుకుతున్న మనవాళ్ల కోసం రాస్తున్నా. కంపెనీ పేరు రాయను, ఇప్పటికే వాళ్లతో గొడవ నడుస్తోంది.

శుక్రవారం రాత్రి తొమ్మిదికి మారతహళ్లిలో ఇంటికి కారు తెస్తామన్నవాళ్లు శనివారం పొద్దున ఏడున్నరకి తెచ్చారు. అదీ మేం బుక్ చేసింది కాదు, అదే మోడల్, వేరే నంబరు. ఏదైతే ఏంటిలే అనుకున్నా చూడండి, అక్కడే పప్పులో కాలేశా. ఊటీకి 2024 మే నుంచి ఈ-పాస్ (ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రవేశ అనుమతి) ఉండాలి, అది బండి నంబరు మీద ఇస్తారు. వాళ్లు తీసిచ్చిన పాస్ మీద పాత నంబరు! చెక్‌పోస్ట్ దగ్గర వెనక హారన్లు, ఫోన్లో సిగ్నల్ లేదు, మా బావమరిది ఫోన్ పైకెత్తి పట్టుకుని రోడ్డు పక్కన అటూ ఇటూ తిరగడం, అదో తమాషా. ఇంతకీ ఆ పాస్ ఉచితం. మా బిల్లులో మాత్రం 500 వేశారు.

ఊటీ సంగతి అందరికీ తెలిసిందే. సెయింట్ స్టీఫెన్స్ చర్చి మాత్రం చూడండి, దాని దూలాలు శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ ప్యాలెస్ నుంచి తెచ్చినవట, ఆ కాలంలో అంతెత్తుకి ఎలా ఎక్కించారో.

అసలు కథ ఆదివారం తిరుగు ప్రయాణంలో. కల్హట్టి 36 మలుపుల దారిలో కిందికి బయటి బండ్లను వదలరు కాబట్టి గూడలూరు వైపు దిగాం. రెండో గేరులోనే దిగుతున్నా, పైకారా దాటాక బ్రేక్ తొక్కినప్పుడల్లా ఇనుము మీద ఇనుము గీసినట్టు కీచుమంటోంది. నడువట్టం దగ్గర వెనక సీట్లోంచి అమ్మ "ఒరేయ్, ఏదో కాలుతోందిరా" అంది. దిగి చూస్తే ముందు చక్రం నుంచి సెగ కొడుతోంది. అరగంట ఆగి, మొదటి గేరులో పాక్కుంటూ గూడలూరు చేరాం. మెకానిక్ చక్రం విప్పి బ్రేక్ ప్యాడ్ నా చేతిలో పెట్టాడు, రేకు తప్ప ఏమీ మిగల్లేదు. డిస్క్ మీద గోరు పట్టేంత గాడి. ఇది ఒకట్రెండు రోజుల్లో అరిగింది కాదన్నాడు.

పని అయ్యేసరికి ఎనిమిదిన్నర దాటింది. బెంగళూరు దారిలోని బండీపూర్ అడవి రోడ్డు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు, ఇంకేముంది, గూడలూరులోనే లాడ్జి. సోమవారం మధ్యాహ్నం కారు అప్పగిస్తే ఆలస్యానికి గంటల లెక్కన కోత, పైగా నా ర్యాష్ డ్రైవింగ్ వల్లే బ్రేకులు పోయాయని ఇంకో కోత. 8,000 డిపాజిట్‌లో చేతికొచ్చింది 640. మెకానిక్‌కి ఇచ్చిన 3,800 నా ఖాతాలోనే.

కారు తీసుకునేటప్పుడు అందరిలాగే గీతలకు, సొట్టలకు వీడియో తీశా, చక్రాల వంక చూస్తే ఒట్టు. మీరు ఫోన్ లైటు వేసి అలాయ్ చక్రం సందుల్లోంచి ప్యాడ్ మందం చూడండి, దాన్నీ వీడియో తీయండి. రెండు కిలోమీటర్లు నడిపి, గట్టిగా బ్రేక్ కొట్టి చూశాకే సంతకం పెట్టండి. నంబరు మారితే పాస్ మళ్లీ తీసే దాకా ఇంటి ముందు నుంచి కదలకండి.

పాత ప్యాడ్లు అడిగి తెచ్చుకున్నా, అవీ బిల్లూ ఫొటో తీసి పెట్టుకుని 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేశా. ఫిర్యాదు నంబరైతే ఇచ్చారు, ఏమైనా కదిలితే ఇక్కడే రాస్తా.