మలయాళ పాత పాటలు వినాలంటే: జాన్సన్ మేలా, రవీంద్రన్ మేలా?

ఓటీటీ పుణ్యమా అని మలయాళ సినిమాలు చూడ్డం మనకు బాగా అలవాటైంది. పాటల దగ్గరకొచ్చేసరికి మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో చాలామందికి తెలియడం లేదు. దేవరాజన్, బాబురాజ్, దక్షిణామూర్తి లాంటి పాత తరం సంగీత దర్శకుల కాలానికి తర్వాత వెళ్లొచ్చు. 1980, 90ల పాటలతో మొదలుపెడితే తేలిక. అప్పటి సంగీత దర్శకుల్లో ముందు వినాల్సినవాళ్లు ఇద్దరు: జాన్సన్, రవీంద్రన్. నా ఓటు జాన్సన్‌కే. అలాగని రవీంద్రన్‌ని తక్కువ చేస్తే మహాపాపం.

రవీంద్రన్‌ది కొల్లం జిల్లా కుళత్తుపుళ. పుట్టింది 1943లో. తిరువనంతపురం స్వాతి తిరునాళ్ సంగీత కళాశాలలో చదువుకున్నారు, ఏసుదాసుతో స్నేహం అక్కడే. మద్రాసు వెళ్లింది గాయకుడవుదామని. కొన్ని పాటలు పాడారు, డబ్బింగ్ చెప్పి రోజులు నెట్టుకొచ్చారు. చివరికి 1979లో 'చూల' సినిమాతో సంగీత దర్శకుడయ్యారు. శాస్త్రీయ సంగీతం తెలిసిన గాయకుడే బాణీ కడితే ఎలా ఉంటుందో ఆయన పాటలు అలా ఉంటాయి. ఆలాపన, గమకం (స్వరాన్ని ఊపుతూ పలకడం), సంచారం (రాగంలో స్వరాల నడక) అన్నీ నిండుగా పడాల్సిందే.

తెలుగు చెవికి ఇది పెద్ద వరం. త్యాగరాజ కీర్తనలు విని పెరిగినవాళ్లకు ఆయన పాట మొదటిసారి వింటున్నా తెలిసినదే అనిపిస్తుంది. 'హిజ్ హైనెస్ అబ్దుల్లా' (1990)లోని 'దేవసభాతలం' రాగమాలిక, అంటే ఒక్కో భాగం ఒక్కో రాగంలో సాగే పాట. దాన్ని హిందోళ రాగంలో ఎత్తుకోగానే మనకు అదే రాగంలోని త్యాగరాజ కీర్తన 'సామజవరగమన' గుర్తొస్తుంది. 'భరతం' (1991)లో 'గోపాంగనే' నాట రాగం. అదే రాగంలోని 'జగదానందకారక' కీర్తన తెలిసినవాళ్లకు ఆ పాట గురించి వేరే చెప్పక్కర్లేదు. భాష అర్థం కాకపోయినా రాగం చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంది.

జాన్సన్ దారి వేరు. 1953లో త్రిస్సూర్ దగ్గర నెల్లిక్కున్నులో పుట్టారు. చర్చి కోయిర్‌లో పాడుతూ, గిటార్, హార్మోనియం వాయిస్తూ పెరిగిన కుర్రాడు. గాయకుడు జయచంద్రన్ ద్వారా దేవరాజన్ మాస్టారికి పరిచయమై, ఆయన దగ్గర పనిచేయడానికి మద్రాసు వచ్చారు. ముందు నేపథ్య సంగీతం చేశారు, పాటల అవకాశం 1981లో వచ్చింది. అందుకేనేమో, పాట కట్టేటప్పుడు కూడా ఆయన దృష్టి రాగం మీద కన్నా సన్నివేశం మీదే ఉంటుంది.

ఇద్దరినీ పక్కపక్కన పెట్టి వినడానికి మంచి జోడీ ఒకటుంది. 'కిరీడం' (1989), 'భరతం' రెండూ లోహితదాస్ రాసి, సిబి మలయిల్ తీసినవి. హీరో మోహన్‌లాల్, పాటలు రాసింది కైతప్రం. మారింది సంగీత దర్శకుడే. 'భరతం'లో అన్న చనిపోయాడని తెలిసి కూడా చెల్లెలి పెళ్లి ఆగకూడదని తమ్ముడు ఆ కబురు కడుపులో దాచుకుంటాడు. ఆ బాధను 'రామకథా గానలయం' పాటగా రవీంద్రన్ శుభపంతువరాళి రాగంలో కట్టారు. ఆ సినిమాకి ఏసుదాసుకి జాతీయ అవార్డు వచ్చింది. పాట అయ్యేసరికి మన గుండె బరువెక్కుతుంది, గాయకుడికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

'కిరీడం' హీరో సేతుమాధవన్ ఎస్సై కావాల్సిన కుర్రాడు. తండ్రిని కాపాడబోయి రౌడీ ముద్ర వేయించుకుంటాడు, పెళ్లి చేసుకోవాల్సిన పిల్ల కూడా దూరమవుతుంది. జాన్సన్ అక్కడ ఎం.జి. శ్రీకుమార్‌తో 'కన్నీర్‌పూవింటె' పాడించారు. గొంతు ఎక్కడా విద్వత్తు చూపించదు. వాక్యానికీ వాక్యానికీ మధ్య కాస్త ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలో ఆ కుర్రాడి మొహమే కనిపిస్తుంది. పాట అయ్యాక నాకు గాయకుడు గుర్తుండడు, రాగం గుర్తుండదు, సేతుమాధవన్ మిగులుతాడు. నా ఓటు అటు పడింది ఇందుకే.

ఇంకో సంగతి. 'తూవానత్తుంబికళ్' (1987)లో పాటలు పెరుంబావూర్ రవీంద్రనాథ్‌వి (ఈయన వేరే), 'మణిచిత్రతాళు' (1993)లో ఎం.జి. రాధాకృష్ణన్‌వి, 'సుకృతం'లో బాంబే రవివి. మూడింటికీ నేపథ్య సంగీతం జాన్సన్‌దే. 'తూవానత్తుంబికళ్'లో మన సుమలత వేసిన క్లారా పాత్ర వాన వెంటబెట్టుకుని వస్తుంది. ఆ వానతో పాటు వచ్చే సంగీతాన్ని మలయాళీలు ఇప్పటికీ తలుచుకుంటారు. 'పొందన్ మాడ'కి సంగీత దర్శకుడిగా, ఆ మరుసటి ఏడాది 'సుకృతం' నేపథ్య సంగీతానికి, జాన్సన్ వరుసగా రెండు జాతీయ అవార్డులు అందుకున్నారు.

విద్యాసాగర్ మనవాడే కదా, ఆయనతో మొదలెడితే పోలేదా అనొచ్చు. 'అళగియ రావణన్' (1996) నుంచి ఆయన మలయాళంలో కట్టిన పాటలు బంగారం. కాకపోతే ఈ ఇద్దరినీ విన్నాక వింటే వాటి విలువ ఇంకా బాగా తెలుస్తుంది.

సంగీతం నేర్చుకున్నవాళ్లు, పాడుకునే అలవాటున్నవాళ్లు నిక్షేపంగా రవీంద్రన్‌తో మొదలుపెట్టండి. 'ప్రమదవనం', 'హరిమురళీరవం' సాధన చేస్తే గొంతుకీ మంచిది. మిగతావాళ్లు పాటల లిస్టు పక్కనపెట్టి, ముందు 'కిరీడం' సినిమా మొత్తం చూడండి. పాట విడిగా వినడం ఆ తర్వాతే.