నల్లగొండ స్టూడియోలో 2018 నుంచి జింప్ ఆర్‌జీబీ నాయిజ్

నల్లగొండలో ఫొటో స్టూడియో నడుపుతున్న నేను, ఫొటోలు సరిదిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్ జింప్‌లో, బొమ్మ మీద సన్నని చుక్కలు చల్లే ఆర్‌జీబీ నాయిజ్ ఫిల్టర్‌ను 2018లో 2.10 వెర్షన్ వచ్చిన నాటి నుంచి వాడుతున్నాను. శుభ్రంగా ఉన్న బొమ్మ మీద కావాలని చుక్కలు చల్లడమేమిటని పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు అడుగుతారు. వారికి నేను పాత ఫొటోనే చూపిస్తాను.

దశదినకర్మకు ఫ్లెక్సీ కావాలని ఊళ్ల నుంచి వచ్చేవారి దగ్గర తరచుగా ఒకే ఒక్క బ్లాక్ అండ్ వైట్ పాస్‌పోర్ట్ ఫొటో ఉంటుంది, అదీ చెమ్మకు అంటుకుపోయి చెంప దగ్గర పొర ఊడిపోయినది. ఊడిన చోటును హీల్ టూల్‌తో (పక్క భాగం నకలుతో మచ్చను కప్పే పనిముట్టు) పూడ్చి నునుపు చేస్తే, చుట్టూ గరుకుగా ఉన్న చర్మం మధ్య అది మైనం పూసినట్టు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఆ భాగాన్ని మాత్రమే సెలెక్ట్ చేసి, ‘ఇండిపెండెంట్ ఆర్‌జీబీ’ టిక్కు తీసి, చుక్కల తీవ్రత విలువను 0.20 నుంచి 0.05 దగ్గరకు దించితే అతుకు చర్మంలో కలిసిపోతుంది. ఆ టిక్కు ఉంచేస్తే ఎరుపు, ఆకుపచ్చ, నీలం దేనికదే మారి, పెద్దాయన ముఖం మీద రంగు చుక్కలు పడతాయి. తీసేస్తే మూడింటికీ ఒకే మార్పు చేరి బూడిద రంగు బూడిద రంగుగానే నిలుస్తుంది. జుట్టు దగ్గర మాత్రం ‘కోరిలేటెడ్ నాయిజ్’ పెట్టాలి, ఎందుకంటే అప్పుడు నలుపు మీద చుక్కలు దాదాపుగా పడవు.

రంగు చుక్కలతో అసలు అవసరం ఆకాశం దగ్గర వస్తుంది. నాగార్జునసాగర్ దగ్గర సాయంత్రం తీసిన పెళ్లి జంట ఫొటోలో నారింజ నుంచి నీలానికి మారే ఆకాశం, 8 బిట్లలో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉండడం వల్ల, ఎడిటింగ్ తర్వాత చారలు చారలుగా విడిపోయింది. ‘ఇండిపెండెంట్ ఆర్‌జీబీ’ టిక్కు ఉంచి విలువ 0.02 ఇస్తే చారల అంచులు చెదిరి కనుమరుగయ్యాయి. అయితే ఆ ఫొటోను వాట్సాప్‌లో పంపితే సన్నని చుక్కలు కంప్రెషన్‌లో పోయి చారలు మళ్లీ తేలతాయి. ఆల్బం ప్రింటులో ఆ ఇబ్బంది లేదు.

చుక్క పరిమాణం మార్చే వీలు ఇందులో లేదు, ప్రతి చుక్కా ఒక్క పిక్సెలే. మొదట్లో చిన్న ఫైలుకు నాయిజ్ వేసి, తర్వాత ఫ్లెక్సీ కోసం పెద్దది చేయడంతో ముఖమంతా మరకలు తేలి, ఆ రాత్రే మళ్లీ ప్రింటు వేయించాను. అప్పటి నుంచి తుది సైజుకు పెంచిన తర్వాతే, 100 శాతం జూమ్‌లో చూస్తూ వేస్తున్నాను. 2025లో వచ్చిన జింప్ 3.0లో ఈ ఫిల్టర్ బొమ్మలో కలిసిపోకుండా, లేయర్‌తో (బొమ్మ పొరతో) పాటే విడిగా నిలుస్తోంది కనుక, ఫ్రేముకు చేసిన ముఖాన్నే ఫ్లెక్సీకి అడిగినప్పుడు చెంప మళ్లీ పూడ్చకుండా విలువ ఒక్కటే మార్చుకుంటున్నాను.