‘పారాచూట్ పట్టు’ అని పాలియెస్టర్ అంటగడుతున్నాడు, జాగ్రత్త

ఇంగ్లండ్ మిడ్‌లాండ్స్‌లో ఉంటున్న మనవాళ్ళందరికీ. ఆదివారం పాత వస్తువుల సంతలో, టీ బండి పక్కన బల్ల వేసుకునే పెద్దమనిషి యుద్ధకాలం నాటిదని ఏది చూపినా కొనకండి. ఎవరో వివరించనక్కరలేదు, మనలో సగం మంది ఆయన దగ్గర పింగాణీ కొన్నవాళ్ళమే.

మా కోడలు ఇంగ్లిష్ అమ్మాయి. వాళ్ళ అమ్మమ్మగారి పెళ్ళి గౌను పారాచూట్ పట్టుతో కుట్టిందట. అవి బట్టకు కూపన్లు కావలసిన రోజులు. 1941 జూన్‌లో మొదలైన ఆ రేషన్ 1949 మార్చి దాకా సాగింది. తర్వాత ఆ గౌనునే కత్తిరించి పిల్లల బాప్తిస్మం గౌనుగా మార్చారు. ఇల్లు మారినప్పుడు అదీ పోయింది. కోడలికి ఇప్పుడు ఏడో నెల. సీమంతానికి అలాంటిదే ఇద్దామని 240 పౌండ్లు పోసి కొన్నాను. ఎవరి ఇంటి జ్ఞాపకమో, బేరమాడితే బాగుండదని అడిగినంతా ఇచ్చాను. అంతటి సంస్కారవంతురాలిని!

గౌనుకు ఒక చేతిరాత అట్ట కట్టి ఉంది: ‘మా నాన్న 1944లో ఆర్న్‌హెమ్‌లో దిగిన పారాచూట్ ఇది, అమ్మ నా కోసం కుట్టింది.’ చదివి కళ్ళు తుడుచుకున్నాను కూడా. నెదర్లాండ్స్‌లోని ఆర్న్‌హెమ్‌లో దిగిన బ్రిటిష్ సైనికుల్లో ఎక్కువమంది చనిపోయారు లేదా పట్టుబడ్డారు. మిగిలినవాళ్ళు రాత్రివేళ రైన్ నది దాటి ప్రాణాలు దక్కించుకున్నారు. పారాచూట్ మడిచి చంకన పెట్టుకుని దాటారా? ఆ గుడ్డతో బట్టలు కుట్టుకున్నది అక్కడి డచ్ కుటుంబాలు.

కోడలు చేతిలోకి తీసుకోగానే ముఖం మారింది, పాపం ఏమీ అనలేదు. బట్టల ప్రయోగశాలలో పనిచేసే స్నేహితురాలికి ఒక పోగు ఇచ్చాను. పాలియెస్టర్ అని తేల్చింది. ఆ దారాన్ని ఈ దేశంలోనే 1941లో కనిపెట్టారు, నిజమే. కానీ అది బట్టల దుకాణాలకు చేరింది 1950లలో.

గౌను పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. డబ్బు వెనక్కి ఇస్తాడనే అనుకున్నాను. ఆయన టీ తాగడం ఆపలేదు. ‘పట్టు మీ దేశంలోదే కదమ్మా, చూసి కొనుక్కోవలసింది’ అని పక్క బల్లవాడి వైపు చూసి నవ్వాడు. ఈ మాట ధర్మవరం మగ్గాల మధ్య పుట్టి పెరిగినదాన్ని నేను వినాలి! నోట మాట రాక నిలబడి ఉండగానే ఇంకెవరో లేసు రుమాలు అడిగారు. ఆయన బల్ల కింది డబ్బా తెరిచాడు. అందులో అట్టలు, కట్టకు కట్ట. అదే చేతిరాత, అదే నాన్న, అదే ఆర్న్‌హెమ్. ఒకదాంట్లో గౌను, ఒకదాంట్లో రుమాలు, ఒకదాంట్లో లోపావడా. ఒక్క పారాచూట్ నుంచి ఆ మహాతల్లి ఎన్ని కుట్టిందో! నేను చూశానని తెలిసి కూడా మూత వేయలేదు. డబ్బు పోతే పోయింది. లేని తల్లిని, లేని తండ్రిని పుట్టించి, బల్ల మీద పెట్టి అమ్ముతున్నాడు.

ఇంకా కొంటామనేవాళ్ళకు: గౌను లోపల సీసీ41 గుర్తు ఉంటే పొంగిపోకండి, నాదానికీ ఉంది. అది యుద్ధకాలంలో ప్రభుత్వ నిబంధనల ప్రకారం తయారైన సరుకుకు వేసిన ముద్ర, ఇంట్లో కుట్టుకున్న దానికి ఎందుకు ఉంటుంది? అంచులు పోగులు ఊడకుండా మిషనుతో ఓవర్‌లాక్ చేసి ఉంటే అనుమానించండి, ఆనాటి ఇళ్ళలో ఆ మిషను లేదు. పారాచూట్ గుడ్డ కొస వైపు సన్నబడే పట్టీలుగా వచ్చేది కాబట్టి అసలైన వాటిలో చాలాసార్లు ఏటవాలు అతుకులు కనిపిస్తాయి. లోపలి మడత నుంచి ఒక పోగు తీసి కాల్చండి. పట్టయితే జుట్టు కాలిన వాసన వచ్చి బూడిద పొడిపొడి అవుతుంది. కరిగి గట్టి పూసలా మారితే పట్టు కాదు. అలాగని వెంటనే దొంగ సరుకు అనకండి, జపాన్ పట్టు ఆగిపోయాక పారాచూట్లు నైలాన్‌తోనూ చేశారు. నైలానో పాలియెస్టరో పరీక్ష చేయిస్తేనే తేలుతుంది.

వ్యాపారుల మోసాల సంగతి చూసే ట్రేడింగ్ స్టాండర్డ్స్ వాళ్ళకు ఫిర్యాదు రాస్తున్నాను. ఆర్న్‌హెమ్ అట్ట మీ ఇంట్లో కూడా ఉంటే ఫోటో తీసి పంపండి, దానికి జత చేస్తాను.