సెకండ్ హ్యాండ్ బ్లాక్ పౌడర్ రివాల్వర్ ఫొటోలు చూసి కొనకండి

అమెరికాలో ఉంటూ బ్లాక్ పౌడర్ రివాల్వర్‌తో (తూటాలు కాకుండా నల్లమందు, సీసపు గుండు, నిప్పు రాజేసే క్యాప్ విడివిడిగా పెట్టి కాల్చే పాతకాలపు రకం) కాల్చడం నేర్చుకుందామనుకునే మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. "దాదాపు కొత్తది, చాలా తక్కువ కాల్చాం, గుండ్లు, క్యాప్‌లు అన్నీ కలిపి ఇస్తాం" అంటూ ఆన్‌లైన్‌లో అమ్మే ఇత్తడి ఫ్రేమ్ రివాల్వర్లతో చాలా జాగ్రత్తగా ఉండండి. నేను టెక్సాస్‌లో ఉంటాను. ఇలా చెప్పి నాకు అంటగట్టిన రివాల్వర్ మొదటి రోజే మా బావమరిది ముంజేతి మీద గాయం చేసింది. పక్కన నిలబడ్డ మనిషికి కళ్లద్దాలు లేకపోతే కన్నే పోయే వ్యవహారం ఇది.

అది 1851 కోల్ట్ నేవీ నమూనాలో ఇటలీలో చేసిన 44 క్యాలిబర్ (గొట్టం సైజుకి పేరు) రెప్లికా, అంటే నకలు. ఫొటోల్లో ఇత్తడి ధగధగలాడింది. షూటింగ్ రేంజ్‌లో కాలుస్తుంటే గుండ్లు పెట్టే సిలిండర్‌కీ, ముందున్న గొట్టం బ్యారెల్‌కీ మధ్య సందులోంచి మంటతో పాటు సీసం తునకలు పక్కకి చిమ్మాయి. రేంజ్ ఆఫీసర్ వెంటనే ఆపించాడు. పాత తుపాకులు బాగుచేసే పెద్దాయన ఒకరు అక్కడే ఉంటే విప్పి చూపించారు. సిలిండర్ వెనుక భాగం ఆనుకునే చోట ఫ్రేమ్ మీద గుండ్రంగా సిలిండర్ పళ్ల అచ్చు పడి ఉంది. కాల్చిన ప్రతిసారీ సిలిండర్ వెనక్కి కొట్టుకుని మెత్తటి ఇత్తడిని అలా నొక్కేసింది. సిలిండర్ తిరిగే మధ్య కడ్డీ, అంటే బ్యారెల్‌ని ఫ్రేమ్‌కి కలిపి ఉంచే అసలు ఆధారం, ఫ్రేమ్‌లో దిగిన చోటే వదులైపోయింది. హ్యామర్ (క్యాప్‌ని కొట్టే సుత్తి) పూర్తిగా ఎత్తినా సిలిండర్ గట్టిగా లాక్ కావడం లేదు. దాంతో చాంబర్ (సిలిండర్‌లో మందు, గుండు పెట్టే గది) బ్యారెల్‌కి సూటిగా రాక, గుండు అంచు తెగి పక్కకి ఎగురుతోంది. తక్కువ కాల్చిన తుపాకీ ఇలా అవ్వదు. నిండా మందు దట్టించి చాలాకాలం కాల్చి, పనికిరాకుండా పోయాక పాలిష్ పెట్టి అమ్మారు.

అమ్మినాయనకు ఫొటోలు పంపితే "పాత రెప్లికాలకు రిటర్న్ ఉండదు" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు. పోయిన డబ్బు కన్నా, ఆయన పంపిన "కిట్" నాకు ఎక్కువ కోపం తెప్పించింది. అందులోని సీసపు గుండ్లు 0.440 అంగుళం సైజువి. అవి 45 క్యాలిబర్ రైఫిల్‌లో గుడ్డముక్క చుట్టి వాడేవి. 44 రివాల్వర్‌కి సాధారణంగా 0.451 లేదా 0.454 కావాలి. సరైన గుండు చాంబర్ కన్నా రవ్వంత పెద్దగా ఉంటుంది. లోడింగ్ లీవర్‌తో నొక్కినప్పుడు అంచు నుంచి సన్నటి సీసం ఉంగరం తెగి బయటికి రావాలి. ఆ ఉంగరం వస్తేనే గుండు చాంబర్‌ని మూసినట్టు. వదులు గుండు అయితే ఒక చాంబర్ పేలినప్పుడు నిప్పు పక్క చాంబర్లలోకి దూరి అవి కూడా పేలవచ్చు. దీన్నే చైన్ ఫైర్ అంటారు. చేతిలో తుపాకీ ఉండగా రెండు మూడు చాంబర్లు ఒకేసారి పేలితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. కొత్తవాళ్లకు తప్పు సైజు గుండ్లు అంటగట్టడం నా దృష్టిలో క్షమించరానిది. గుండు కింద నూనె పట్టించిన ఫెల్ట్ వ్యాడ్ గానీ, పైన గ్రీజు గానీ తప్పకుండా పెట్టండి. క్యాప్‌లు కూడా నిపుల్‌కి (క్యాప్ తొడిగే చిన్న మొన) బిగుతుగా పట్టేవే వాడాలి. వదులు క్యాప్ వైపు నుంచీ నిప్పు దూరుతుంది. 10 నంబరు, 11 నంబరు రెండూ కొద్దిగా కొని మీ నిపుల్‌కి ఏది సరిపోతుందో చూసుకోండి.

ఇత్తడి ఫ్రేమ్ అంటే పనికిరానిదని కాదు. అసలు 1851 నేవీ 36 క్యాలిబర్, ఫ్రేమ్ ఇనుముది. అంతర్యుద్ధంలో దక్షిణాది రాష్ట్రాలకు ఇనుము, ఉక్కు కరువై, జార్జియాలో గ్రిస్‌వోల్డ్ అండ్ గన్నిసన్ వాళ్లు ఇత్తడి ఫ్రేమ్‌తో చేశారు. అవీ 36 క్యాలిబరే. నేవీ ఆకారంలో 44 క్యాలిబర్ ఇత్తడి ఫ్రేమ్ అనేది ఈ కాలపు రెప్లికా తయారీదారులు కలిపిన జోడీ. ధర తక్కువ, చూడ్డానికి అందం, అందుకే కొత్తవాళ్ల కళ్లు దాని మీదే పడతాయి. తక్కువ మందుతో కాలిస్తే చాలాకాలం వస్తుంది. ఉక్కు ఫ్రేమ్ 44లో 25 నుంచి 30 గ్రెయిన్లు (మందు కొలత) పోసినట్టు ఇత్తడి దాంట్లో పోయకూడదు, 20 లోపే ఉండాలి. సెకండ్ హ్యాండ్‌లో వచ్చే చిక్కల్లా పాత ఓనరు ఎంత పోశాడో తెలియకపోవడమే. మొదటి రివాల్వర్‌గా అయితే ఉక్కు ఫ్రేమ్ ఉన్న 1858 రెమింగ్టన్ నమూనా కొత్తది కొనమంటాను. సిలిండర్ పైన కూడా ఫ్రేమ్ పట్టీ ఉంటుంది కాబట్టి గట్టిగా నిలుస్తుంది. శుభ్రం చేయడానికి సిలిండర్ తీయడమూ తేలిక.

ఇత్తడిదే కావాలంటే డబ్బు పంపే ముందు ఈ ఫొటోలు అడగండి: బ్యారెల్, సిలిండర్ తీసేసిన ఫ్రేమ్, సిలిండర్ ఆనే చోటు దగ్గరగా, నిపుల్స్ పైభాగం, బ్యారెల్ లోపల వెలుతురు వేసి. నిపుల్స్ తల చదునైపోయి ఉంటే క్యాప్ లేకుండా హ్యామర్ ఊరికే కొట్టారని అర్థం. హ్యామర్ ఎత్తి, సిలిండర్‌ని వేలితో కదిపి చూపించే చిన్న వీడియో అడగండి. విప్పిన ఫొటోలు ఇవ్వనంటే వదిలేయండి. ఇటాలియన్ తుపాకుల మీద చిన్న పెట్టెలో రెండు అక్షరాల కోడ్ ఉంటుంది. ఏ సంవత్సరం పరీక్షించారో దాన్నిబట్టి తెలుస్తుంది కాబట్టి "కొత్తది" అనే మాట నిజమో కాదో అక్కడే తేలిపోతుంది.

అమ్మేవాళ్లు సీసాలో మిగిలిన మందు కూడా ఇస్తామంటారు. తీసుకోకండి. లోపల ఉన్నది బ్లాక్ పౌడరో, పొగరాని స్మోక్‌లెస్ పౌడరో సీసా చూసి చెప్పలేం. స్మోక్‌లెస్ పోస్తే ఈ రివాల్వర్లు బద్దలవుతాయి. సీలు తీయని డబ్బానే కొనండి. బ్లాక్ పౌడర్‌కి బదులు ట్రిపుల్ సెవెన్ అనే మందు వాడితే దాని బలం ఎక్కువ, కాబట్టి 15 శాతం దాకా తగ్గించి పోయాలి. కాల్చిన రోజే వేడి సబ్బునీళ్లతో కడగాలి, లేదంటే తుప్పు పట్టేస్తుంది.

చట్టం సంగతి కూడా చూసుకోండి. 1968 గన్ కంట్రోల్ యాక్ట్ ప్రకారం మామూలు తూటాలు పట్టని ఈ పాతకాలపు రెప్లికాలు ఫెడరల్ చట్టం దృష్టిలో ఫైర్‌ఆర్మ్ కావు. అందుకే నేరుగా ఇంటికి పార్శిల్ వస్తాయి. అది చూపించి "వీసా మీద ఉన్నా ఏ టెన్షన్ లేదు" అని అమ్మేవాళ్లు చెబుతారు. రాష్ట్రాల చట్టాలు వేరు, న్యూజెర్సీలో వీటికీ పర్మిట్ కావాలి. నాకు పంపుతానన్న ఇంకో "బోనస్" తూటాలు పట్టే కన్వర్షన్ సిలిండర్. అది బిగిస్తే ఆ మినహాయింపు పోయి మామూలు తుపాకీ లెక్కలోకి వస్తుంది. హెచ్1బీ, ఎఫ్1 మీద ఉన్నవాళ్లు అలాంటి మామూలు తుపాకీ దగ్గర పెట్టుకోవడం, కొన్ని మినహాయింపులు తప్ప, ఫెడరల్ నేరం. వీసా మీద ఉన్నవాళ్లు ముందు లాయర్‌ని అడగండి. ఇండియాకి తీసుకెళ్లే ఆలోచన అసలే వద్దు, అక్కడ ఆయుధాల చట్టం కింద లైసెన్స్ లేకుండా ఉంటే కేసే. బ్లాక్ పౌడర్, క్యాప్‌లు విమానంలో చెక్-ఇన్ బ్యాగులో కూడా ఒప్పుకోరు.

నా కార్డు కంపెనీలో డిస్ప్యూట్ వేశాను, విప్పిన ఫ్రేమ్ ఫొటోలు జతచేశాను. ఎవరైనా ఇలాంటిది కొనబోతుంటే విప్పిన ఫొటోలు తెప్పించి నాకు చూపించండి. నాకు తెలిసినంత చెబుతాను, తెలియంది ఆ పెద్దాయన్ని అడిగి చెబుతాను.