అనూ ఫైళ్లు యూనికోడ్‌లోకి మార్పిస్తున్నారా? డబ్బులిచ్చే ముందు ఇది చూడండి

పాత పేజ్‌మేకర్ ఫైళ్లను "పేజీకి ఇంత, యూనికోడ్ చేసిస్తాం" అనే డీటీపీ షాపులతో జాగ్రత్త. యూనికోడంటే ఇప్పటి ఫోన్లూ కంప్యూటర్లూ వాడే ఉమ్మడి అక్షరాల కోడు. ప్రకాశం జిల్లా గుళ్ల మీద మా బాబాయి రాసిన వ్యాసాలు అనూ అనే పాతకాలపు డీటీపీ తెలుగు ఫాంట్లలో ఉన్నాయి. ఒంగోల్లో ఒక షాపుకిచ్చాం. సగం అడ్వాన్సు ముందే తీసుకున్నారు.

మొదట ఇచ్చిన వర్డ్ ఫైలు వాళ్ల కంప్యూటర్లో ముత్యాల్లా కనిపించింది. నా ఫోన్లో తెరిస్తే అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గుర్తులు. అడిగితే "మీ ఫోన్లో తెలుగు లేదు సార్" అన్నాడు. పొద్దస్తమానం వాట్సాప్‌లో తెలుగు చదివే ఫోనది! అసలు వాళ్లు మార్చిందేమీ లేదు. అనూ ఫైలు లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల కోడ్లే, వాటిని తెలుగుగా చూపించేది ఫాంటు. అది లేనిచోట బండారం బయటపడుతుంది. యూనికోడ్‌లో అలా కాదు, 1991 నుంచీ తెలుగుకంటూ 128 స్థానాలు విడిగా కేటాయించి ఉన్నాయి.

గొడవపడితే రెండోసారి నిజంగానే మార్చారు. శాంపిల్‌గా 'ఒంగోలు', 'చీరాల' ఉన్న పేజీ చూపించారు. వత్తుల్లేని మాటలు ఎవరు మార్చినా సరిగ్గానే వస్తాయి. లోపలికెళ్తే 'త్రిపురాంతకం' ఉన్న ప్రతిచోటా 'తి్రపురాంతకం'! అనూలో 'తి' ఒక ముక్క, రవత్తు ఇంకో ముక్క. యూనికోడ్‌లో త, పొల్లు, ర, ఆ తర్వాతే గుడి (ఇకారం గుర్తు) రావాలి. వరస సర్దకుండా ముక్కకు ముక్క మారిస్తే ఇలాగే తగలడుతుంది. ఫైల్లో ఆ ఊరి పేరు వెతికితే ఒక్కటీ దొరకదు. దిద్దమంటే ప్రూఫ్ రీడింగ్‌కు వేరే చార్జి అట. అడ్వాన్సు మాత్రం వెనక్కి రాలేదు.

మీరు వెళ్తే శాంపిల్ పేజీ వాళ్లను ఎంచుకోనివ్వకండి. త్రి, స్త్రీ, లక్ష్మి, సామర్థ్యం లాంటివి దండిగా ఉన్న పేజీ మీరే ఇవ్వండి. మార్చింది మామూలు టెక్స్ట్ ఫైలుగా, యూటీఎఫ్-8లో (యూనికోడ్ అక్షరాలను సేవ్ చేసే పద్ధతి) సేవ్ చేయించి, అక్కడే మీ ఫోన్‌కు పంపించుకుని చూడండి. ప్రింటు, పీడీఎఫ్ చూపిస్తే ఒప్పుకోవద్దు, అందులో లోపల ఏముందో కంటికి తెలియదు.

అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే కంగారు వద్దు, చాలాసార్లు అది ఫాంటు లోపమే. ప్రశ్నార్థకాలు వరసగా కనిపిస్తే మాత్రం, తెలుగును ఆన్సీలో, అంటే తెలుగు అక్షరాలకు చోటులేని పాత పద్ధతిలో, సేవ్ చేసి ఉంటారు. ఆ ఫైల్లోంచి అక్షరాలు ఇక తిరిగిరావు. అందుకే ఒరిజినల్ సీడీ ఇవ్వకండి, కాపీ ఇవ్వండి.