రిఫరెన్స్ బైబిల్ కొనే ముందు హెబ్రీయులకు 12 తెరిచి చూడండి

ఏడో తరగతి దాటిన పిల్లలకు గోదావరి జిల్లాల సంఘాల్లో కానుక అంటే పెద్ద బైబిలే. పాలకొల్లు, నరసాపురం, రాజోలు, అమలాపురం, ఎక్కడ చూసినా కొనే పద్ధతి కూడా ఒకటే. కవరు రంగు, జిప్పు ఉందా లేదా, అంచులకి బంగారు పూత ఉందా. లోపల అక్షరం ఎలా ఉందో చూసేవాళ్లు తక్కువ. ఆర్నెల్లు తిరక్కుండానే ఆ బైబిల్ బీరువా పైకెక్కుతుంది. తప్పు పిల్లాడి మీదికి వెళ్తుంది.

ఇక్కడ చూస్తున్నది భారత బైబిల్ సొసైటీ వేసే పాత అనువాదం, రిఫరెన్సులు, అంటే సంబంధించిన ఇతర వచనాల సూచనలు, ఉన్న ముద్రణ. అన్ని రకాలుగా కాదు, ఒక్క పనికే: 12 నుంచి 15 ఏళ్ల పిల్లలు కష్టం వచ్చినప్పుడు, పెద్దలు గద్దించినప్పుడు విశ్వాసం వదిలేయకుండా నిలబడటం నేర్చుకోవడానికి. ఆ సంగతి నేరుగా మాట్లాడే అధ్యాయం హెబ్రీయులకు 12, అంటే కొత్త నిబంధనలో హెబ్రీయులకు రాసిన పత్రిక (ఉత్తరం) 12వ అధ్యాయం. మొత్తం 29 వచనాలు. పుస్తకాన్ని ఆ అధ్యాయంతోనే తూచాం.

షాపులో చేయాల్సిన పరీక్ష రెండు నిమిషాల పని. 12వ అధ్యాయం తెరిచి, పుస్తకాన్ని మూర దూరంలో పట్టుకోండి. 5వ వచనంలో 'తృణీకరించకుము' అనే మాటలో త కింద వట్రుసుడి విడిగా కనపడాలి. 16లో 'జ్యేష్ఠత్వపు' అనే మాట ఉంది. అందులో ష కింద ఠ ఒత్తు మసిబొట్టులా కనిపిస్తే ఆ సైజు పక్కన పెట్టేయండి. చిన్న సైజు బైబిళ్లలో జరిగేది ఇదే, ఒత్తులన్నీ కలిసిపోతాయి. ఇంగ్లీషు అక్షరానికి సరిపోయే సైజు తెలుగుకి చాలదు. మన అక్షరానికి పైనా కిందా కూడా చోటు కావాలి. సాయంత్రం ట్యూషన్ నుంచొచ్చి ఒక్క బల్బు కింద కూర్చునే పిల్లకి ఇది కళ్లజోడు సంగతి, భక్తి సంగతి కాదు. తర్వాత కాగితం వెనక్కి తిప్పి చూడండి. వెనక పేజీ అక్షరాలు ముందుకి కనిపిస్తుంటే చదువు సాగదు.

ఇక భాష. 'చూచుచు', 'తలంచుకొనుడి' అంటూ సాగే పాత వాక్యం ఈ వయసు వాళ్లకి మొదట గుచ్చుకుంటుంది. అయినా ఇదే కొనమనడానికి కారణముంది. అయ్యగారు ప్రసంగంలో చదివేది, సండే స్కూలు కంఠత పోటీల్లో అడిగేది, ఇంట్లో అమ్మమ్మ నోట వచ్చేది ఈ పాఠమే. చేతిలో వేరే అనువాదముంటే పిల్ల గుడిలో వెతుక్కుంటూ ఉంటుంది. ఇంకో కారణం, ఈ అనువాదంలో ఓర్పుకి ఉన్న మాటల సంపద. ఇదే పత్రిక 10:36లో (10వ అధ్యాయం, 36వ వచనం) 'ఓరిమి', 12వ అధ్యాయం మొదట్లో 'ఓపికతో', వెంటనే సిలువను 'సహించి', 3లో 'ఓర్చుకొన్న', 7లో 'సహించుచున్నారు'. గ్రీకులో ఇవన్నీ ఒకే ధాతువు. బరువు కింద నుంచి పారిపోకుండా ఉండిపోవడం అని దానర్థం. ఈ అయిదు మాటల కింద ఒకే రంగు పెన్సిలు గీయించండి. పేజీ చూడగానే అధ్యాయం దేని గురించో పిల్లకి తెలిసిపోతుంది. ఒక నష్టం కూడా ఉంది. తెలుగులో నాలుగు రకాలుగా ఉండటం వల్ల, గీత గీయకపోతే అది ఒకటే మాటని తట్టదు.

అసలు చిక్కు 'శిక్ష' దగ్గర వస్తుంది. 5 నుంచి 11 వరకూ ఆ మాట మళ్లీ మళ్లీ వస్తుంది. ఇప్పటి పిల్లలకి శిక్ష అంటే బెత్తం, గోడకుర్చీ, జైలు. కాబట్టి చదివినవాడు 'జ్వరమొచ్చింది, దేవుడు కొట్టాడు' అనుకుంటాడు. అక్కడ గ్రీకు మాట పైదెయియా. పిల్లవాణ్ణి పెంచి, దిద్ది, తయారుచేయడం. గద్దింపు అందులో ఒక భాగమే. అనువాదకులు తప్పు మాట వాడారనలేం. సంస్కృతంలో శిక్ష అంటే నేర్చుకోవడం, నేర్పడం. శిక్షణ, శిక్షకుడు అక్కణ్ణుంచి వచ్చినవే. మాట మారలేదు, మన వాడుక మారింది. దీన్ని పిల్లలకి చెప్పడానికి పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. వాళ్ల హిందీ వాచకం తీయమనండి. 'శిక్షా' అంటే చదువు అని వాళ్లకి ఆరో తరగతి నుంచే తెలుసు. 'శిక్ష' ఉన్న ప్రతి చోటా పైన పెన్సిలుతో చిన్నగా 'తర్ఫీదు' అని రాయించి మళ్లీ చదివించండి. 11వ వచనంలో 'అభ్యాసము కలిగినవారికి' అన్న మాట అప్పుడే వెలుగులోకి వస్తుంది. దాని మూలం వ్యాయామశాల మాట, రోజూ ఒళ్లు వంచి సాధన చేసినవాడికి వాడేది. పుస్తకంలో ఈ వివరమేదీ లేదు. పిల్లల కోసం కొంటున్న పుస్తకంలో ఇంత ముఖ్యమైన మాటకి అడుగున ఒక్క గమనిక వేసి ఉంటే ఎంత బాగుండేది!

11వ వచనానికి ఈ నేల మీద ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు. ఊడ్పుల రోజుల్లో పొలం గట్టుకి తీసుకెళ్తే చాలు. నారుమడి నుంచి పీకి, వేళ్ల మట్టి దులిపి, కట్టలు కట్టి, వేరే బురదలో గుచ్చిన నారు కొన్ని రోజులు వాడి తల వాలుస్తుంది. తెలియనివాడికి అది చచ్చినట్టే. రైతు మాత్రం కంగారుపడడు, మూన తిరగనీ అంటాడు. కొత్త వేరు పట్టాక అదే మొక్క పిలకలు వేస్తుంది. నారుమడిలోనే ఉండిపోయిన నారు పంటకి రాదు. 'ప్రస్తుతమందు' దుఃఖకరంగా కనపడుతుందన్న మాటకి ఇంతకంటే దగ్గర బొమ్మ లేదు. రైతు ఇంకోటి కూడా చెబుతాడు, మరీ లోతుగా గుచ్చితే పిలకలు తగ్గుతాయని. బెత్తం పట్టుకున్న పెద్దలు వినాల్సిన సగం అది.

పెద్దల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. ఈ అధ్యాయాన్ని కొట్టడానికి అనుమతి పత్రంలా వాడేవాళ్లున్నారు. 6వ వచనంలో 'దండించును' అనే మాట గట్టిదే. ఇక్కడే రిఫరెన్సు వరుస తన విలువ చూపిస్తుంది. అది సామెతలు 3:11, 12కి పంపిస్తుంది, పత్రిక ఎత్తి రాసింది అక్కణ్ణుంచే. తెరిస్తే 'తండ్రి తనకు ఇష్టుడైన కుమారుని గద్దించు రీతిగా' అని ఉంటుంది. కొట్టడం కాదు, ఇష్టం కనపడుతుంది. రెండూ పక్కపక్కన చదివించాకే ముందుకెళ్లండి. పైగా పత్రిక మొదట చదివినవాళ్లకి కష్టం తండ్రి చేతి నుంచి రాలేదు. 10:32 నుంచి 34 వరకూ చూస్తే నిందలు పడ్డారు, ఆస్తి పోగొట్టుకున్నారు. బయటివాళ్లు పెట్టిన బాధని దేవుడు తర్ఫీదుగా మలుస్తాడన్నది అక్కడి వాదం, బాధపెట్టినవాడు ఒప్పని కాదు. బడిలో పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను నిషేధించింది. పాఠం మధ్యలో ఎవరైనా పిల్ల ఇంట్లో దెబ్బల సంగతి చెబితే 'ఓర్చుకో తల్లీ' అని 12వ అధ్యాయం చూపించకండి, పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి.

రిఫరెన్సుల్లో దొరక్కపోతే మీరే మార్జిన్‌లో రాసుకోవాల్సినవి రెండున్నాయి. యోహాను 9:3, లూకా 13:4. వరదొచ్చి లంక ఊళ్లు మునిగినప్పుడు, 1996 నవంబరు తుఫాను గురించి పెద్దలు చెప్పినప్పుడు, పిల్లలు తప్పకుండా అడుగుతారు: "టీచర్‌గారూ, మరి వాళ్లందరూ పాపం చేశారా?" సిలోయము గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిది మంది గురించి యేసు చెప్పిన జవాబు చదివించండి. వాళ్లు మిగతావాళ్లకంటే పాపులు కారని ఆయన తేల్చేశాడు. ఈ రెండూ చదవకుండా హెబ్రీయులకు 12 ముగిస్తే, కష్టం వచ్చిన ప్రతి ఇంటినీ వేలెత్తి చూపే పిల్లలు తయారవుతారు.

8వ వచనంలో 'దుర్బీజులు' (అక్రమ సంతానం) అనే మాట ఈ ముద్రణలో అన్నిటికంటే కఠినం. అర్థం తెలిసిన పిల్లలు నవ్వుతారు, కొందరికి గుచ్చుకుంటుంది. తండ్రి వదిలేసిన పిల్లలు, అమ్మ కువైట్‌లోనో మస్కట్‌లోనో పనిచేస్తుంటే అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. ఆ రోజుల్లో వారసత్వం లేని బిడ్డ తర్ఫీదుని తండ్రి పట్టించుకునేవాడు కాదు, పత్రిక చెబుతున్నది అదే. ముందే ఆ సంగతి చెప్పి, మాట మీద ఆగకుండా దాటేయాలి. గట్టిగా చదవమని ఏ పిల్లకీ ఆ వచనం అప్పగించకండి. 'కుమారుడా' అన్నది ఆడపిల్లలకీ వర్తిస్తుందని, అక్కడున్నది ఆస్తి హక్కు మాటని కూడా అదే రోజు చెప్పేయొచ్చు.

ఎంత వేగంగా చదివించాలి? ఒకేసారి అధ్యాయమంతా చదివిస్తే ఏమీ మిగలదు. ఆరు వారాలు, రోజుకి పదిహేను నిమిషాలు చాలు. మొదటి వారం 10:32-39. రెండో వారం 11వ అధ్యాయంలో చివరి భాగం, 32 నుంచి. 'రంపములతో కోయబడిరి' అని అక్కడే ఉంటుంది. విశ్వాసముంటే అన్నీ కలిసొస్తాయని విన్న పిల్లలు దీన్ని తప్పకుండా చూడాలి. 12:1లో చెప్పిన 'సాక్షి సమూహము'లోకి, అంటే విశ్వాసంతో నిలబడినవాళ్ల గుంపులోకి, ఈ ఊళ్ల వాళ్లనీ చేర్చండి. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చి నరసాపురం ప్రాంతంలో పనిచేసిన విలియం బౌడెన్, జార్జి బీర్ మొదలుకుని, గుడి ఊడ్చే ముసలమ్మ దాకా. మూడో వారం 12:1-3కి. ఇక్కడ 'ప్రతి భారమును' వేరు, 'సుళువుగా చిక్కులబెట్టు పాపమును' వేరు. లుంగీ పాపం కాదు, కానీ దించి పరిగెత్తితే కాళ్లకి చుట్టుకుంటుంది. ఎగకట్టాలి. ఎవరి లుంగీ ఏమిటో వాళ్లనే కాగితం మీద రాసుకోమనండి. ఫోన్ అని అందరూ రాస్తారు. రెండోది అడగండి. 5-11కి రెండు వారాలు కచ్చితంగా కావాలి. ఆఖరి వారం 12-17. 'వడలిన చేతులను సడలిన మోకాళ్లను' అన్నది ఒక్కడికి చెప్పిన మాట కాదు, అలిసినవాణ్ణి పక్కవాళ్లు పట్టుకోవాలి. ఏశావు 'ఒక పూట కూటి కొరకు' పెద్దకొడుకు హక్కు అమ్ముకున్న కథ కూడా అక్కడే. కోటి విద్యలూ కూటి కొరకే అనే ఊళ్లో పిల్లలు దీన్ని ఇట్టే పట్టుకుంటారు.

సులభ భాషలో వచ్చిన అనువాదాలు మొదటి చదువుకి మంచివి, పక్కన ఒకటి ఉంచుకోవచ్చు. ఫోన్‌లో ఉచిత యాప్ వినడానికి బాగుంటుంది. చదవడానికి మాత్రం కాదు, మూడో వచనం రాకముందే పైనుంచి ఏదో మెసేజ్ దిగుతుంది.

మా మార్కు ఐదుకి నాలుగు. తగ్గించిన ఒకటీ 'శిక్ష' దగ్గర గమనిక లేనందుకే.

కొన్నాక జాగ్రత్తలు, ఈ తడి నేలకి సంబంధించినవి. జెల్ పెన్నూ హైలైటరూ ఈ పల్చటి కాగితం మీద అవతలికి దిగిపోతాయి. రంగు పెన్సిలు, మామూలు బాల్ పెన్ను వాడండి. సముద్రం పక్క ఊళ్లలో ఉప్పు గాలికి ఇనుప జిప్పు నెలల్లో తుప్పు పట్టి ఇరుక్కుంటుంది, లాగితే రెక్సిన్ చిరుగుతుంది. అంతర్వేది వైపు ఉంటే జిప్పు లేనిదే తీసుకోండి. వానాకాలంలో పేజీలు అలలు తేలకుండా వారానికోసారి విప్పి నీడలో ఆరనివ్వండి. ఎండలో పెడితే జిగురు విడిపోయి అట్ట వంకరపోతుంది. వరద నీళ్లలో తడిస్తే పేజీలు ఒక్కొక్కటే లాగకండి, అంటుకున్న చోట చిరుగుతాయి. పుస్తకాన్ని నిలబెట్టి నీరు కారనిచ్చి, పది పదిహేను పేజీలకొక తెల్ల కాగితం పెట్టి, ఫ్యాను గాలికి ఉంచి, కాగితాలు రోజుకి రెండుసార్లు మార్చండి. న్యూస్‌పేపరు పెట్టారంటే దాని సిరా వాక్యం మీదికి ఎక్కుతుంది.